చల్లటి చేతికి చేసిన పరీక్ష

వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని మొన్న ఈ చలిదేశంలోని ట్రాలీ ఊరి ఆసుపత్రికి నరాల పరీక్ష కోసం వెళితే, వరంగల్ నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి ముందుగా నా చేతికి చిన్న ఉష్ణమాపకం అంటించి, "సల్లగుంది అంకుల్, జెర వేడిచేసి మొదలుపెడ్త" అన్నది. ఆ మాటతో మా ఆవిడ ఇక్కడి కార్లో ఊరి ఆసుపత్రిలో శిక్షణ పొందిన రోజులు గుర్తుకొచ్చాయి.

ఫిజియోథెరపీ పట్టా ఉన్నంత మాత్రాన నరానికి కరెంటు ఇచ్చి, కండరంలో సూది గుచ్చి చూసే ఈ పరీక్ష ఎవరినీ చేయనివ్వరు. దానికి వేరే చదువు చదివి, ఆపైన డాక్టరు పక్కన ఉండగా ఒక్కొక్క పరీక్షా చేసి, ప్రతిదానికీ లాగ్‌బుక్కులో ఆయన సంతకం తీసుకోవాలి. మా ఆవిడకు ఒక్క సంతకమే మిగిలింది. ఆ వారంలోగా పుస్తకం పూర్తిచేసి చూపితే కాజిల్‌బార్ ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయం. పరీక్షకు రావలసిన మనిషి రాకపోవడంతో ఆ చోట కూర్చోమని ఆమె నన్ను పిలిచింది. పేపరాఫీసు అలవాటు కొద్దీ గడియారమే చూసుకుని, గ్లవ్స్ మరిచి, వానలో సైకిలు మీద పోయాను.

నా నరం నెమ్మదిగా పలికింది. మణికట్టు దగ్గర నొక్కుకుపోయిందని ఆమె రాసింది. నల్లగొండ నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన పెద్ద డాక్టరుగారు, "పేపరోళ్ళ నరాలు నిదానమే గదమ్మా" అని నవ్వి సంతకం పెట్టారు. రబ్బరు తొడుగులు విప్పి వైర్లు తీస్తూ నా వేళ్ళు పట్టుకున్న మా ఆవిడ అట్లాగే ఆగిపోయింది. చల్లబడిన చేతిలో నరం వేగం తగ్గుతుందని చదివిందే గానీ, చదువుకున్న విజయవాడలో ఆమెకు అంత చల్లటి చేయి ఎప్పుడూ తగలలేదు; ఇక్కడి పేషెంట్లేమో వెచ్చటి గదిలో కూర్చుని వచ్చేవాళ్ళు.

"ఇది చెల్లదండీ సార్. చెయ్యి వేడి చెయ్యకుండా చేశాను."

"సంతకమైపోయింది గదమ్మా, ఇక్కడోళ్ళన్నట్టు అంతా గ్రాండ్. మీ ఆయనేమన్న పేషెంటా?"

"రేపు పేషెంటుకి ఇట్లాగే రాస్తే అక్కర్లేని ఆపరేషనుకి చెయ్యి కోస్తారండీ."

ఆ సంతకం మీదుగానే అడ్డంగా గీత కొట్టింది. మళ్ళీ చేద్దామంటే ఆ పూట మిషను ఖాళీ లేదు, మర్నాటి నుంచి డాక్టరుగారు సెలవు. కాజిల్‌బార్ ఉద్యోగం మరొకరికి పోయింది. ఆరువారాల తర్వాత గానీ పుస్తకం పూర్తికాలేదు. ఆ సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వస్తుంటే, తన గ్లవ్స్ తీసి నాకిచ్చింది. అవి నాకు పట్టలేదు.

ఈసారి నా నరం నిజంగానే నొక్కుకుపోయిందట. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "వేడిచేసి చూశారా?" అని అడిగింది. చూశారని ఎంత చెప్పినా నమ్మకం కుదరక, నా వేళ్ళు తన చేతుల్లోకి తీసుకుని కాసేపు ఉంచుకుంది. ఇప్పుడు ఆ పని ఉష్ణమాపకం చేస్తోంది, ఆమెకంటే కచ్చితంగానే చేస్తోంది. ఎదుటి మనిషి చేయి పట్టుకుని చూడవలసిన అవసరమే ఎవరికీ లేకుండా పోయింది.