యాకమ్మ తిట్ల మైకు

ములుగు రోడ్డు పక్కన ఆ ఊళ్లో యాకమ్మ నోటికి భయపడని మనిషి లేడు. అరెకరంలో వంకాయ, టమాట, గెనుసుగడ్డ పండించి, తెల్లారేసరికి వరంగల్ మార్కెట్లో గంప దించేది. ఆ గంపకు చోటు చూపించాకే బస్సు కండక్టరు విజిల్ వేసేవాడు. అడవిపందులకు మాత్రం ఈ సంగతి తెలియదు. ఆ కార్తీకంలో గుంపుగా వచ్చి గెనుసుగడ్డ మడుల్లో సగం మూతులతో పెళ్లగించి పోయాయి. యాకమ్మ చేను చుట్టూ పాత చీరలు కట్టింది. మర్నాడు ఓ పంది మెడలో ఆమె పెళ్లిచీర వేలాడుతూ కనిపించిందని ఊరంతా చెప్పుకున్నారు.

మనిషి గొంతు వినిపిస్తే పందులు రావని, కూరగాయల బండ్లకు పెట్టే మైకు ఒకటి కొనుక్కొచ్చింది కూతురు సుకన్య. ఇక తిట్లు రికార్డు చేయడమే తరువాయి. తీరా ఫోను ముందు పెడితే యాకమ్మకు నోరు పెగల్లేదు. గొంతు సవరించుకుని, "పందులూ, జర పోండ్రి" అంది మర్యాదగా.

"గట్లంటె కూసొని చాయ్ అడుగుతయి" అంది సుకన్య.

"ఎదురుంగ మనిషి లేకుంటె తిట్లెట్ల వస్తయే?"

అప్పుడే పక్క చేను లక్ష్మీనర్సమ్మ మేక గట్టు దాటి వచ్చింది. ఆ గట్టు తగాదాతోనే ఇద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. మేకను చూడగానే యాకమ్మ ఏడు నిమిషాలు ఊపిరి తీసుకోలేదు. సుకన్య ఒక్క ముక్క పోనివ్వలేదు.

ఆ సాయంత్రం నుంచి మైకు లక్ష్మీనర్సమ్మను పేరుపెట్టి, ఏడు తరాలతో సహా, తెల్లవార్లూ తిట్టింది. పందులు బెదిరి, గట్టు దాటి ఆమె మడుల్లోనే పడ్డాయి. మూడోనాడు లక్ష్మీనర్సమ్మ యాకమ్మ వాకిట్లోకి వచ్చింది. యాకమ్మ కొంగు బిగించింది కానీ, ఆమె వచ్చింది కొట్లాటకు కాదు.

"నన్ను తిడితె నీ పందులు పోయినయి. మరి నా మడిల పందుల కోసం నేనెవర్ని తిట్టాలె?"

యాకమ్మకు న్యాయమే అనిపించింది. పీట వేసి, సుకన్యను ఫోను పట్టుకోమని, తానే ఎదురుగా కూర్చుంది. రెండు చోట్ల లక్ష్మీనర్సమ్మకు తిట్లు తడుముకోవలసి వస్తే తనే అందించింది.

ఆపైన గట్టుకు అటొకటి ఇటొకటి మైకులు తిట్టుకునేవి, వీళ్లిద్దరూ హాయిగా నిద్రపోయేవారు. నెల తిరిగేసరికి పందులకూ అలవాటైంది. ఓ పొద్దున వెళ్లి చూస్తే రెండు చేలూ తవ్వేసి, మైకు పక్కనే పిల్లలతో పడుకుని ఉన్నాయి.

ఆ ఏడు గెనుసుగడ్డ చేతికి రాలేదు. మిరపను పందులు ముట్టవని ఎవరో చెబితే ఇద్దరూ కలిసి నారు తెచ్చారు. సుకన్య మధ్యాహ్నం సద్ది పట్టుకెళ్లేసరికి ఇంకా రెండో సాలు దగ్గరే ఉన్నారు. యాకమ్మ ఎవరింటి కోడలి గురించో చెబుతోంది. లక్ష్మీనర్సమ్మ నారు చేతిలోనే పట్టుకుని వింటోంది.