కళింగపట్నం లాడ్జిలో లేని తేలు

ఇరవై ఏళ్లు దాటింది, ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని. చిన్నదేలే అని సరిపెట్టుకుంటూ వచ్చాను. చిన్నదేనా? మీరే వినండి.

నాకు పెళ్లయిన నెలకి మా అత్తగారు ఇంటిల్లిపాదినీ కళింగపట్నం తీసుకెళ్లారు. గజపతినగరం వదిలి రెండు రోజులు సముద్రం పక్కన ఉండాలన్నది ఆవిడ ఎన్నాళ్ల కోరికో. లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. అప్పటి లాడ్జి అంటే దుప్పట్లు మనవే, సబ్బు మనదే, తలుపుకి వేసే తాళం కూడా మనం తెచ్చుకున్నదే. ఒక గది మగవాళ్లకి, ఒకటి ఆడవాళ్లకి. ఇంటి దగ్గరా ఎప్పుడూ జనమే. ఆ నెలంతా మా ఆయనతో నేను విడిగా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారూ ఇద్దరు ఆడపడుచులూ నడుం వాల్చారు. నాకేం బుద్ధి పుట్టిందో, మంచం మీంచి గభాలున లేచాను.

"అత్తా, పరుపు కింద తేలు."

"ఏటీ? ఎంతున్నాదే?"

"నా సెయ్యంత. గోడ బీటలోకి దూరిపోనాది."

క్షణంలో గది ఖాళీ. తేలుని వెతకడానికి మా ఆయన వచ్చారు. చోటు చూపించడానికి నేను ఉండిపోయాను. తలుపు దగ్గరగా వేసి నిజం చెప్పాను. నవ్వు ఆపుకోలేక ఆయన నోట్లో తువ్వాలు కుక్కుకున్నారు. కిటికీ పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నాం. ఆయనకి ఈతంటే భయమని, నాకు కాకరకాయ ఇష్టమని అప్పుడే తెలిసింది ఒకరికొకరికి. మధ్యమధ్య ఆయన చెప్పు తీసి గోడకేసి ఒక్కటి కొట్టేవారు, బయటివాళ్లకి వినబడాలి కదా. అంత మంచి మధ్యాహ్నం నాకు మళ్లీ రాలేదు. తప్పని తెలిసీ, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వే వస్తుంది. అలా నవ్వు రావడం ఇంకో తప్పా?

మేం బయటికి వచ్చేసరికి అత్తగారు మేనేజరుని నిలబెట్టి దులిపేస్తున్నారు.

"మా లాడ్జిలో తేలన్నది నానెప్పుడూ సూడ్లేదమ్మా," అన్నాడు పాపం నెమ్మదిగా.

"అయితే నా కోడలు అబద్దమాడతాదేటి?"

ఇంటికొచ్చి నెలయిన కోడలి మీద ఎంత నమ్మకం. అప్పుడైనా చెప్పాల్సింది. తల వంచుకుని ఆవిడ వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

ఆ సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశాం. మర్నాడు పొద్దున్నే చేద్దామనుకున్న సముద్రస్నానం ఆవిడకి దక్కనే లేదు. ఆ తర్వాత ఆవిడ ఏ లాడ్జి గడపా తొక్కలేదు. పూరీ వెళ్లినా, అన్నవరం వెళ్లినా మేమే వెళ్లాం. ఆ లాడ్జి ఇప్పుడు లేదు. మేనేజరుకి చెప్పుకునే దారీ లేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లోనే గదులు చూసి తీసుకుంటుంది. కార్డు ఆనిస్తే తలుపు తెరుచుకుంటుంది, తువ్వాళ్లని హంసల్లా మడిచి మంచం మీద పెడతారు. ఆ ఫొటోలు అత్తగారు కళ్లజోడు పెట్టుకుని మరీ చూస్తారు. చూసి, "మీరెల్లండి, నానింటికాడుంటాను," అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ముద్ద దిగేది కాదు.

కిందటి నెల ఇద్దరం చిక్కుడుకాయలు వలుస్తుంటే చెప్పేశాను. ముందేమీ అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ చేతులు ఆగాయి. నా మొహంలోకి చూశారు.

"నా కొడుక్కీ తెలుసా?"

"తెలుసత్తా."

మళ్లీ కాయలు వలవడం మొదలెట్టారు. క్షమించారో లేదో నేను అడగలేదు, ఇవాళ్టికీ అడగలేదు. ఆ పూట కూర ఆవిడే వండారు. ఉప్పు బాగా ఎక్కువైంది. కావాలనే వేశారేమో, తెలీదు. నేను మాత్రం రెండోసారి వడ్డించుకుని కడుపునిండా తిన్నాను.