నెమలి తోకకు డబులా, ట్రిబులా?

నాకు క్రోషియా అల్లడం వచ్చిందంటే దానికి కారణం సదుం దగ్గర రోడ్డు దాటుతున్న ఒక మేకల మంద. తొంభైల మొదట్లో సంగతి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. పుంగనూరులో మా నాన్నకు కిరాణా అంగడి ఉండేది. చింతపండు బేరం మాట్లాడి ఆయన స్కూటర్ మీద తిరిగి వస్తున్నాను. మేకలన్నీ దాటేశాయి. దారి ఖాళీ అయిందని నేను ముందుకు ఉరికించేసరికి చివరి మేకకు ఏం తోచిందో గిర్రున వెనక్కి తిరిగింది. మేకకు ఏమీ కాలేదు. నాకు కుడికాలు విరిగింది.

మదనపల్లెలో డాక్టరు తొడ దాకా పిండికట్టు వేసి, రెండు నెలలు మంచం దిగొద్దన్నాడు. ఆస్పత్రికి రెండు వీధుల అవతల మా పెద్దమ్మ ఇల్లు. నన్ను అక్కడే దించేసి మా వాళ్లు ఊరెళ్లిపోయారు. పెద్దమ్మ ఒక్కతే ఉండేది. ఆ ఇంట్లో బట్ట తొడుక్కోని వస్తువు లేదు. టీవీకి అల్లిక ముసుగు, కూజాకు కుచ్చుల టోపీ, ఫ్రిజ్ పిడికి తొడుగు, చివరికి అగ్గిపెట్టెకు కూడా ఒక చిన్న సంచీ. అన్నీ ఆమె చేతి పనే.

మొదటి మూడు రోజులు నేను ఆమెను బతకనివ్వలేదు. మంచినీళ్లు కావాలి, ఫ్యాను తగ్గించు, పేపరు ఇవ్వు, దోమ, ఎండ, విసుగు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె వచ్చి ఒక దారపు ఉండ, ఒక కొక్కెం సూది నా ఒళ్లో పడేసింది.

"ఇంగ గమ్మునుండి ఇది అల్లు."

"నేనా? ఇది ఆడోళ్ల పని కదా పెద్దమ్మా!"

"ఆ కాలేసుకోని మొగోళ్ల పని ఏం చేస్తావో చెప్పు, సూస్తాను."

ఆమె ముడి వేసి చూపించింది. ముడిలోంచి సూది దూర్చి, దారం పట్టి బయటికి లాగితే ఒక కన్ను. ఆ కంటిలోంచి ఇంకోటి. అదే చైను. ఇంతేనా అనుకున్నాను. నేను అల్లిన చైను ఎంత బిగుతుగా వచ్చిందంటే సూది మళ్లీ అందులోకి దూరనంది. "దారం మీద నీకేం కోపంరా? వదులుగా పట్టు" అంది పెద్దమ్మ. వదులుగా పడితే ఉంగరాలంత కన్నులు వచ్చాయి. సాయంత్రానికి నా చైను మంచం దగ్గర నుంచి వీధి వాకిలి దాకా పెరిగింది. దాని కొసను తలుపు గడియకు కట్టించుకుని, పడుకున్న చోటు నుంచే తలుపు లాగి మూసుకోవడం మొదలుపెట్టాను. పెద్దమ్మ మొట్టమొదట మెచ్చుకున్న నా పని అదే.

తర్వాత అసలు చదువు. సూదికి దారం ఒక చుట్టు చుట్టి దూరిస్తే డబుల్, రెండు చుట్లు చుడితే ట్రిబుల్. డబుల్ పొట్టిది, ట్రిబుల్ పొడుగ్గా గాలాడుతూ ఉంటుంది. చదరంగా ఒక గుడ్డ అల్లమంటే అల్లుకుంటూ పోయాను. పోను పోను అది సన్నబడి చివరికి కొస తేలింది.

"ఇదేంది, సమోసా చేసినావు?" అంది.

వరస తిరిగేటప్పుడల్లా చివరి కన్ను మర్చిపోతున్నానట. "ఎంచుకోవల్ల. ప్రతి వరసలో కన్నులు ఎన్నుండాయో ఎంచుకోవల్ల. విప్పు." రెండు రోజుల పని, దారం కొస పట్టి లాగితే ఒక్క నిమిషంలో విడిపోయింది. మొదటిసారి ఏడుపొచ్చినంత పనైంది. నాలుగోసారికి అదే నాకు నచ్చసాగింది. లోకంలో ఇంత సులభంగా విప్పి మళ్లీ మొదలుపెట్టగలిగే తప్పు ఇంకోటి నేను చూడలేదు.

నెల తిరిగేసరికి నీళ్ల చెంబు మీదికి గుండ్రటి మూత ఒకటి అల్లాను. అంచు చుట్టూ గవ్వలు కూడా కుట్టాను. ఆ రోజు దాన్ని కనీసం ఇరవైసార్లు తిప్పి చూసుకుని ఉంటాను. పుంగనూరు నుంచి స్నేహితులు చూడడానికి వస్తే మాత్రం మొత్తం సరంజామా దుప్పటి కిందికి తోసేసేవాణ్ని. అలా ఒకసారి తోస్తుంటే సూది వేలికి తగిలింది. పిండికట్టు లోపల దురద భరించలేకుండా ఉన్న రోజులవి. వాళ్లు వెళ్లగానే సూదిని కట్టు లోపలికి దూర్చి గోక్కున్నాను. ఆ సుఖం ఏమని చెప్పను! ఆ మైకంలోనే సూది చేయి జారి లోపలికి వెళ్లిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత డాక్టరు కట్టు కోస్తుంటే సూది టింగుమని గచ్చు మీద పడింది. డాక్టరు నన్నూ సూదినీ మార్చి మార్చి చూశాడు. ఆయన నోరు తెరిచేలోపలే పెద్దమ్మ వంగి దాన్ని తీసుకుంది. "నాదే సార్. రెండు దినాలుగా ఇల్లంతా వెతుకుతాండాను" అంటూ కొంగుతో తుడిచి సంచీలో వేసుకుంది.

పుంగనూరుకు వచ్చాక కూడా చేతులు ఊరుకోలేదు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ బియ్యం మూటల వెనక కూర్చుని అల్లేవాణ్ని. ఒకరోజు తల ఎత్తితే ఎదురుగా మా నాన్న. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. అట్నుంచి అటే వెళ్లిపోయాడు. మర్నాడు అంగడి తెరుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "ఆ రేడియోకి ఒకటి ఎయ్యి. దుమ్ము పడతాండాది."

రెండేళ్లకు కుప్పంలో ఒక సంబంధం వచ్చింది. వాళ్లది కూరగాయల మండీ. పెళ్లిచూపులకు నాన్న, అమ్మ, పెద్దమ్మ, నేను వెళ్లాం. కూర్చోగానే నా కళ్లు పిల్ల మీదికి కాదు, నడవ వాకిలికి వేలాడుతున్న తెర మీదికి పోయాయి. తెల్లదారంతో రెండు నెమళ్లు ఎదురెదురుగా. అంత నేర్పుగా అల్లిన పని నేను మదనపల్లెలో కూడా చూడలేదు.

పిల్ల మేనత్త నా చూపు గమనించి, "అంతా మా పాపే అల్లింది" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడున్నానో మర్చిపోయి, కాఫీ పళ్లెం పట్టుకు నిలబడ్డ పిల్లను అడిగేశాను. "నెమలి తోకకి డబుల్ వేసినారా, ట్రిబులా?"

పిల్ల మేనత్తను చూసింది. మేనత్త పైకప్పు చూసింది.

"డబుల్" అంది పిల్ల.

"కాదండీ, ట్రిబులే అయ్యుంటాది. ఎంత పొడుగుండాదో సూడండి" అంటూ నేను లేచి తెర దగ్గరికే వెళ్లి కన్నులు ఎంచడం మొదలుపెట్టాను. మా అమ్మ నా చొక్కా పట్టి లాగింది.

పిల్ల పళ్లెం కింద పెట్టేసింది. "నాకు తెల్దు. అది నేను అల్లలేదు. పక్కింటి అక్క తావ ఈ పొద్దుకని అడిగి తెచ్చినాం."

వాళ్ల నాన్న ముఖం ఎర్రబడింది. మేనత్త ఏదో సర్దబోయింది. పిల్ల ఆమెను పట్టించుకోకుండా నన్ను అడిగింది: "అయినా మీకెట్ల తెలుసు ఇవన్నీ?"

నేను తెర వదిలి వెనక్కి వచ్చి కూర్చున్నాను. పెద్దమ్మ మాత్రం ఛాతీ విరుచుకుని, "మావోడు బాగా అల్లతాడమ్మా! నేనే నేర్పించినా" అంది.

ఈసారి నోళ్లు తెరవడం వాళ్ల వంతైంది. మూల కూర్చున్న వాళ్ల అవ్వ చెవి దగ్గర చేయి పెట్టుకుని, "ఏమంటాండారు? పిల్లోడు అల్లతాడంటనా? అయితే వంట కూడా చేస్తాడేమో అడగండి" అంది. ముందు నవ్వింది పిల్లే. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఎగిరి ఎగిరి పడుతున్నాయి. తర్వాత వాళ్ల నాన్న కూడా నవ్వాడు.

తిరుగు బస్సులో పలమనేరు దాటాక మా నాన్న అన్నాడు: "ఆ పాప అందరి ముందరా నిజం చెప్పింది. నాకు నచ్చింది." నాకు ఎప్పుడో నచ్చేసింది. వారం తిరగకుండా కుప్పం నుంచి కూడా సరేనని ఫోనొచ్చింది.

పెళ్లయ్యాక ఆమెకు క్రోషియా నేర్పాలని చూశాను. నాలుగు చైన్లు వేసి, "ఇది నాకు పడేది కాదు" అని సూది నా చేతికిచ్చేసింది. కానీ మదనపల్లె వెళ్లినప్పుడు పెద్దమ్మ దగ్గర రెండు సూదులతో స్వెట్టర్ అల్లడం చిటికెలో పట్టేసింది. నాకేమో రెండు సూదులు చేతికొస్తే పది కన్నులు ఎక్కించేలోపల మూడు జారిపోయేవి. "ఎంచుకోవల్ల" అని ఇప్పుడు నా భార్య నాకు చెప్పేది.

రెండు వేల సంవత్సరం దాటాక మాకు కూతురు పుట్టింది. తొలి చలికాలానికి ఇద్దరం కలిసి పసుపుపచ్చ ఊలుతో స్వెట్టర్ చేశాం. ఒళ్లంతా ఆమె అల్లింది, మెడ పట్టీ నేను క్రోషియాతో వేశాను. తొడగబోతే తల పట్టలేదు. కొంచెం లాగాం, చెవుల దగ్గర ఆగిపోయింది. లోపల నుంచి పాప కేకలు. నేను పైకి, ఆమె కిందికి. మా అమ్మ పరుగెత్తుకొచ్చి, "బిడ్డను పీకేస్తారంట్రా ఇద్దరూ!" అని మమ్మల్ని తోసేసి నెమ్మదిగా ఊడదీసింది.

తప్పు నాదంటే నాదని ఎవరూ అనలేదు. మెడ చిన్నదని ఆమె, తల పెద్దదని నేను. చివరికి ఎడమ భుజం దగ్గర కుట్టు విప్పి, అంచుకు క్రోషియా పట్టీ వేసి, మూడు గుండీలు కుట్టాం. అప్పుడు సులభంగా తల పట్టింది.

పాపను ఎత్తుకుని వీధిలోకి వెళ్తే ఎదురింటామె ఆపి ఆ గుండీలను పట్టి పట్టి చూసింది. "ఇది బెంగళూరు ఫ్యాషనామ్మా?" అని అడిగింది. నా భార్య ఏ మాత్రం తడబడకుండా అవునంది. ఆ చలికాలం మా వీధిలో ఇంకో నలుగురు పిల్లలకు భుజం మీద గుండీలున్న స్వెట్టర్లు అల్లాల్సి వచ్చింది.