అయ్యగారి హెబ్రీ మాట

మా ఉదయగిరి సంఘానికి ఈమధ్య హెబ్రీ పిచ్చి పట్టింది. కారణం మా అయ్యగారు, అంటే పాస్టరుగారు. యూట్యూబులో ఎవరివో నాలుగు పాఠాలు విన్నాడు, ఇక మోషే పక్కన కూర్చుని చదువుకున్నట్టే మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆయనకు దొరికిన మాట 'పెషా'. మన బైబిల్లో అతిక్రమం అని ఉంటుంది. "ఇది కాలుజారి పడటం కాదు, రాజు మీద తిరుగుబాటు!" అని ఒక ఆదివారం మైకు పగిలేలా అరిచాడు. ఆ తిరుగుబాటు చేసింది మా అమ్మ. గోడ పక్కింటి ముస్లిం అవ్వ చనిపోతే, ఆమె పేరున ఫాతిహా ప్రార్థన చదివిన రోజున వెళ్లి వాళ్లింట్లో అన్నం తింది. అదీ నేరం. చిన్నప్పుడు ఆ అవ్వ చేతి అన్నం తిని పెరిగినవాణ్ణి నేను. నన్ను మాత్రం ఏమీ అనలేదు, ఆత్మకూరులో సర్కారు బడి పంతుల్ని కదా. ముసలిదాని మీదే ఆయన ప్రతాపమంతా. అమ్మకు బల్ల ఆపేశాడు. నెల మొదటి ఆదివారం అందరికీ ఇచ్చే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం ఇక ఆమెకు లేవు.

ఆ మాట నేనూ వెతికి చూశాను. తిరుగుబాటు అన్నది నిజమే. కానీ ప్రవక్తలు దాన్ని బీదల నెత్తిన కాలు పెట్టినవాళ్ల మీద విసిరారు, పొరుగింటి చావుకు ఏడ్చిన ఆడవాళ్ల మీద కాదు. పాఠం అంతదాకా వచ్చేలోపే అయ్యగారి డేటా అయిపోయినట్టుంది.

అసలు ఆ బల్లకు పులియని రొట్టెలు చేసేది మా అమ్మే, నేను పుట్టకముందు నుంచీ. బల్ల ఆపిన నెల కూడా చేసి పంపింది. రొట్టెల పళ్లెం ఆమె ముందునుంచే పోయింది, ఆగలేదు. అయ్యగారు తీరిగ్గా నమిలి మింగాడు. అంత సిగ్గులేని నోరు నేనెక్కడా చూడలేదు. అమ్మ ముసుగు ముఖం మీదకి లాక్కుంది.

మరుసటి నెల అయ్యగారి భార్య ఫోను చేసింది. "అమ్మా, రేపు బల్ల ఉండాది. రొట్టెలు మర్చిపోబాకండి."

పొద్దున్నే అమ్మ పిండి కలిపింది. నాకు ఒళ్లు మండింది. "ఏంది మా, ఇంకా వాళ్లకి చేస్తావా?" అన్నాను. అమ్మ కాల్చిన రొట్టెను పొయ్యి దగ్గరే పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. విరిచి ఒక ముక్క తాను తింది, ఇంకోటి నా చేతిలో పెట్టింది. మందిరం మైకు మోగినా లేవలేదు. ఆరోజు బల్ల మీద బస్టాండు అంగట్లో కొన్న బిస్కెట్లు పెట్టారని తర్వాత తెలిసింది.

"అయ్యగారు చెప్పినాడే ఆ మాట, నేనిప్పుడు చేసినదానికి సరిపోద్దా రా?" అని అడిగింది.

"సరిగ్గా సరిపోద్ది మా."

"అయితే సరే," అని ఇంకో రొట్టె పెనం మీద వేసింది. "ఇది కాలినాక పక్కింట్లో ఇచ్చిరా పో."