మునిరత్నం గారు పోయిన సాయంత్రం

బతికున్న మనిషికి దండ కొన్నవాణ్ణి నేను. ఊరికే కాదు, బేరమాడి మరీ కొన్నాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

అప్పట్లో గోదావరి జిల్లా నుంచి కొత్తగా వచ్చి, బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో లిఫ్టు లేని అపార్టుమెంటులో దిగాను. పక్క ఫ్లాటులో నంజప్ప గారు. ఆయన స్నేహితుడు మునిరత్నం గారు రోజూ సాయంత్రం మూడంతస్తులెక్కి వచ్చేవారు, ఇద్దరు ముసలి స్నేహితుల కథ నడిచే టీవీ సీరియల్ కోసం. మోకాళ్ళ నొప్పుల మనిషి. దిగాక కింద కుర్చీలో కాసేపు కూర్చుంటే, "ఇది ఇక్కడ ఉండేవాళ్ళకే" అంటూ మా అపార్టుమెంటు సెక్రటరీ లేపేసేవాడు. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచేవారు. నాకు ఒళ్ళు మండేది. నోరు మాత్రం లేచేది కాదు.

ఆ సాయంత్రం నంజప్ప గారు తన గుమ్మంలో ఒక్కరే కూర్చుని, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"మునిరత్నం గారేరండీ?"

"పోయినాడప్పా."

మా వైపు మనుషులు 'వెళ్తారు'. 'పోతే' మాత్రం ఇక రారు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

"ఎప్పుడండీ?"

"ఇప్పుడే. మెట్ల కాడ శానా కష్టపడినాడు పాపం."

"అయ్యో, అంత హఠాత్తుగానా!"

"నువ్వేంటికప్పా ఏడ్చేది? పొద్దు పోయింది, పోయినాడు."

ఎంత వేదాంతం అనుకున్నాను. ఆయన కన్నీళ్ళు సీరియల్ తాలూకువని నాకేం తెలుసు?

ఆలస్యం అమృతం విషం అన్నారు కదాని, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో "మునిరత్నం గారు ఇక లేరు" అని పెట్టేశాను. దండాల బొమ్మలు వరదలా వచ్చాయి. సెక్రటరీ అయితే, "ఆ మహానుభావుడు లేక కింద కుర్చీ బోసిపోయింది" అని రాశాడు.

వీధి చివర పూలంగడికి పరుగెత్తి, చామంతి దండ కొని వెనక్కి తిరిగాను. అంగడి బల్ల మీద కూర్చుని స్వర్గస్థులు మోకాళ్ళు రుద్దుకుంటున్నారు.

"దండ ఎవరికప్పా?"

అబద్ధం తోచలేదు. "మీకేనండీ."

జరిగిందంతా చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఈ పొద్దు సీరియల్‌లో అదే కదప్పా చెప్పినారు, బతికుండంగానే ముసలోళ్ళను గోడ మీద ఫొటో చేసేయద్దండని. నువ్వు ఫొటో గూడా లేకుండా దండ తెచ్చినావే!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఓదార్పుగా ఉంటుందని గ్రూపులో సందేశాలు చదివి వినిపించాను. సెక్రటరీది రాగానే, "ఇంగోసారి చదువు" అన్నారు. చదివాను. ఆయన లేచి, నా చేతిలో దండ తీసుకుని మెళ్ళో వేసుకుని, నెమ్మదిగా నడిచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు.

తెల్లచొక్కా తొడుక్కుని పరామర్శకు దిగుతున్న సెక్రటరీ మెట్ల మీదే ఆగిపోయాడు.

"బోసిపోయిందంటివి కదప్పా, అందుకే వచ్చినా."

ఆనాటి నుంచి ఆ కుర్చీ జోలికి ఎవరూ రాలేదు. ఇప్పటికీ ఆయన దిగేటప్పుడు నా తలుపు తట్టి, "పోతాండాను" అని, కాస్త ఆగి, "ఇంటికి" అంటారు.

కాబట్టి చామంతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బెంగళూరులో ఎవరు పోయినా, ఎక్కడికో కనుక్కోనిదే దండ కొనను.