పడవలాట, పాలగిన్నె, కొత్త అల్లుడుగారు

ఆ రోజుల్లో మా రాజమండ్రిలో ఒక మనిషికి ఏదైనా నచ్చలేదని తెలుసుకోవడం మహా కష్టంగా ఉండేది. ఇప్పుడు హాయిగా ఫోన్‌లో ఒక నక్షత్రం పడేసి ఎవరి పని వాళ్ళు చూసుకుంటున్నారు. అప్పుడు ఉప్పు వెయ్యడం మరిచిపోయిన పులుసుకీ "బాగుందండి" అనేవారు, రెండు గంటలు శ్రుతి తప్పిన కచేరీకీ "బాగుందండి" అనేవారు. ఆ ఒక్క మాటని నమ్ముకుని ఇరవై రెండేళ్ళ వయసులో నేను ఉద్యోగం ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. మీరు నవ్వుకున్నా నాకేం బాధ లేదు. అప్పుడు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

డిగ్రీ అయ్యాక ఏడాది ఖాళీగా తిరిగి, చివరికి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాను. శుభలేఖలు, కేలండర్లు, స్కూలు నోటుపుస్తకాలు అక్కడ అచ్చయ్యేవి. మూడు నెలలు చూసి పర్మనెంటు చేస్తానన్నారు ఓనరుగారు. ఇంట్లో నాన్నగారికి నా మీద అంత నమ్మకం లేదు. జంగారెడ్డిగూడెంలో మా పెదనాన్నగారు పొగాకు వేసేవారు. "ఈ ఉద్యోగం నిలబడకపోతే అన్నయ్య దగ్గరికెళ్ళి బ్యారన్ చూసుకో" అని నాన్నగారు ముందే తేల్చేశారు. బ్యారన్ అంటే పచ్చి పొగాకుని వేడి మీద ఆరబెట్టే ఎత్తయిన గది. చిన్నప్పుడు సెలవుల్లో అందులో అరగంట నిలబడ్డాను, తరవాత రెండు రోజులు అన్నం ముద్ద కూడా పొగాకు వాసనే వేసింది. అక్కడికి వెళ్ళకుండా ఉండడం కోసం నేను ఏదైనా చేసేవాణ్ణి.

మే నెలాఖరులో ఓనరుగారు కుర్చీలో వెనక్కి వాలి, "అవతలి ప్రెస్సువాళ్ళు నోటుపుస్తకాలతో వైకుంఠపాళి పటం ఊరికే ఇస్తున్నారంటండి. మనం ఏదన్నా కొత్త ఆట ఇస్తే బాగుండును" అన్నారు, ఎవరితోనూ కాదు, గాల్లోకి. గాల్లోకి అన్న మాటని గాల్లోనే వదిలెయ్యాలన్న ఇంగితం నాకుంటే ఈ గొడవే లేదు. "నేను తయారు చేస్తానండి" అన్నాను. ఆయన కళ్ళజోడు మీదినుంచి నన్ను చూసి, "చెయ్యండి. వచ్చే పదిహేను రోజుల్లో ఒక ఆదివారం మా ఇంట్లో కూర్చుని ఆడదాం. బాగుంటే అచ్చేసేద్దాం, మీ ఉద్యోగమూ పర్మనెంటు చేసేద్దాం. లేకపోతే... చూద్దాంలెండి" అన్నారు. మా వైపు పెద్దమనుషులు "చూద్దాంలెండి" అన్నాక ఇంక ఎవరూ ఏమీ చూడరని మీకు తెలియంది కాదు.

ముందు ఉన్న ఆటలన్నీ శాస్త్రీయంగా పరిశీలించాలనుకున్నాను. కుడిచేతికీ ఎడంచేతికీ పోటీ పెట్టి ఒక్కణ్ణే ఆడుతూ ఒక పుస్తకంలో రాసుకున్నాను. వైకుంఠపాళిలో మనిషి చేసేదేమీ లేదు, గవ్వలు చెప్పినట్టు నడవడమే, అయినా పాము మింగితే ప్రాణం ఉసూరుమంటుంది. అష్టాచమ్మాలో నాలుగు కాయలుంటాయి, ఏది కదపాలో మనమే తేల్చుకోవాలి. పులీమేకలో అదృష్టం అన్నదే లేదు, ఓడితే తప్పంతా మనదే, అందుకే మా ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కారు. ఆ పుస్తకానికి 'క్రీడా నిర్మాణ సూత్రములు' అని పేరు పెట్టాను. (ఆ 'ములు' చూస్తేనే అప్పుడు నా తల ఎంత ఎత్తున ఉండేదో మీకు అర్థమవుతుంది.)

తరవాత డ్రాయింగు షీటు మీద గోదావరి గీశాను. పాపికొండల దగ్గర బయల్దేరిన పడవ అంతర్వేది దగ్గర సముద్రంలో కలిస్తే గెలిచినట్టు. నూట నలభై గళ్ళు, మనిషికో పడవ. ఇరవై రెండు గళ్ళలో ఇసుకమేటలు పెట్టాను, వాటిమీదికి ఎక్కిన పడవ మూడు పందేలు కదలకూడదు. నిబంధనలు నాలుగు పేజీలు వచ్చాయి. ఒక్క మాట తీసెయ్యడానికి కూడా నాకు మనసొప్పలేదు.

మొదటిసారి ఆడినవాళ్ళు ముగ్గురు. మా అమ్మ, ఇంటిగలావిడ మామ్మగారు, పక్క వాటాలో ఉండే హిందీ మాస్టారు. మామ్మగారు అష్టాచమ్మాలో వీధి మొత్తాన్ని ఓడించిన మనిషి. ఆవిడ మొదటి పందేనికే ఇసుకమేట ఎక్కారు. మూడు పందేలు చేతులు కట్టుకుని కూర్చుని, దిగి, ఇంకో మేట ఎక్కారు. పావుగంటకి "బాగుంది నాయనా. పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను, పొంగిపోతాయి" అని లేచి వెళ్ళిపోయారు. మాస్టారు ఇంకో ఐదు నిమిషాలుండి, "చాలా బాగుందండి. కుళాయి వచ్చే టైమైంది" అని వెళ్ళారు. అమ్మ ఒక్కర్తే చివరిదాకా ఆడి, "బాగుందిరా, ఇంక అన్నానికి లే" అంది. ముగ్గురికి ముగ్గురూ బాగుందన్నారని నేను పొంగిపోయాను. వారం రోజుల్లో ఇంకో ఐదిళ్ళలో ఆడించాను, అన్నిచోట్లా బాగుందనే అన్నారు. పటం అడుగున నా పేరు ఏ సైజు అక్షరాల్లో వెయ్యాలో కూడా ఎంచి పెట్టుకున్నాను.

ఒకరోజు పొద్దున్న పదకొండింటికి మామ్మగారి గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు. "పాలవాడు సాయంత్రం అయిదింటికిగానీ రాడు నాయనా, కాఫీ ఇద్దామంటే చుక్క పాలు లేవు" అన్నారావిడ, పాపం, నొచ్చుకుంటూ. మేం ఆడింది కూడా సరిగ్గా పదకొండింటికే. ఇంటికొచ్చి, "మామ్మగారికి ఆ రోజు పాలెక్కడివమ్మా" అని అడిగాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే, "పాలూ లేవు, ఏమీ లేవురా. ఆవిడకి విసుగొచ్చింది. నీ మొహమ్మీద ఎలా చెబుతుంది" అంది. మా కుళాయి తెల్లవారుజామున తప్ప రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మంచమ్మీద వెల్లకిలా పడుకున్నాను. ఊరు ఊరంతా కలిసి నన్ను చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు బుజ్జగించిందని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. మధ్యాహ్నం భోజనంలో మళ్ళీ పొగాకు వాసన మొదలైంది.

ఆ దిగుల్లోంచే ఒక ఉపాయం తట్టింది. మావాళ్ళ నోరు నిజం చెప్పదు, కాళ్ళు చెబుతాయి. అప్పటినుంచి ఎవరేమన్నారో రాయడం మానేసి, ఎన్ని నిమిషాలకి లేచారో, ఏం వంక చెప్పారో రాసుకున్నాను. "ఎవరో పిలుస్తున్నట్టున్నారు" అంటే నిబంధనలు చదువుతుండగానే లేచినట్టు. పాలు అంటే ఇసుకమేట. కుళాయి అంటే, ఎలాగూ గెలవనని తెలిసిపోయాక కూడా మర్యాదకి కాసేపు కూర్చున్నట్టు. లేవబోయే మనిషి ముందు బాసింపట్టు విప్పి ఒక మోకాలు పైకి పెడతాడు, ఆ తరవాత మహా అయితే రెండు నిమిషాలు. ఆ మోకాళ్ళు చెప్పినట్టల్లా చేశాను. నాలుగు పేజీలు ఎనిమిది వాక్యాలయ్యాయి. గళ్ళు అరవైకి తగ్గాయి, మేటలు మూడే మిగిలాయి. మనిషికి రెండు పడవలిచ్చాను, ఏది నడపాలో వాళ్ళే తేల్చుకోవాలి. చివరగా అష్టాచమ్మాలో కాయని చంపినట్టు ఇందులో ముంచడం పెట్టాను. ఒక పడవ ఉన్న గడిలోకి ఇంకొకరి పడవ వస్తే, ముందున్నది మునిగి మళ్ళీ పాపికొండల దగ్గరికి పోవాలి. రేవు గళ్ళలో ఉంటే మాత్రం ముంచకూడదు.

ముంచడం పెట్టాక మొదటిసారి ఆడిన సాయంత్రం మామ్మగారు మా అమ్మ పడవని సముద్రానికి నాలుగు గళ్ళ దూరంలో ముంచేశారు. పదేళ్ళుగా ఆవిడకి ఎదురు చెప్పి ఎరగని మా అమ్మ, "గవ్వలు సరిగ్గా వెయ్యలేదు మామ్మగారూ, మళ్ళీ వెయ్యండి" అంది. "నా చెయ్యి అలాగే తిరుగుతుందమ్మా" అన్నారు మామ్మగారు. మాస్టారు ఇద్దరికీ మధ్యవర్తిత్వం చేస్తూ చేస్తూ ఇద్దరి పడవలూ ముంచారు. ఎక్కడినుంచో మాడు వాసన వచ్చింది. మా పొయ్యి మీద పాలు నిజంగానే పొంగి, గిన్నె నల్లగా మాడిపోయింది, ఒక్కరూ లేవలేదు. పుస్తకంలో 'గంటా పది నిమిషాలు. పాలు పొంగినవి' అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. అంత సంతోషం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఆదివారం ఓనరుగారింటికి వెళ్ళాను. హాల్లో చాప వేసి ఉంది. ఓనరుగారు, వారి భార్య, నాలుగో చెయ్యిగా నేను, మూడోవారు కొత్త అల్లుడుగారు. మాఘమాసంలో పెళ్ళయింది, ఆషాఢం వస్తోందని అమ్మాయిని పుట్టింట్లో దింపడానికి తునినుంచి వచ్చారాయన. సన్నగా, నెమ్మదిగా, అడిగినదానికే జవాబు చెప్పే మనిషి. నేను ఆరిళ్ళలో ఆడించాను గానీ ఆ ఆరిళ్ళలోనూ కొత్త అల్లుడు లేడు. అదీ నేను చేసిన తప్పు.

ఓనరుగారికి రెండో పందెంలోనే అల్లుడుగారి పడవ దొరికింది. చూసీ చూడనట్టు తన ఇంకో పడవని నడిపారు. తరవాత అత్తగారు మూడు వేసి, అల్లుడుగారి పడవ వైపు "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి ఆగిపోయి, "నాకెందుకో ఈ రెండో పడవే నచ్చిందండి" అన్నారు. అల్లుడుగారి రెండు పడవలూ ఊరేగింపులో వెళ్ళినట్టు సముద్రం చేరాయి. "ఎంత బాగా ఆడుతున్నారండి" అన్నారు అత్తగారు. రెండో ఆటా అంతే. మూడో ఆటలో అల్లుడుగారు ఆవలింత మింగేసి, బాసింపట్టు విప్పి, ఒక మోకాలు పైకి పెట్టారు.

ఆ మోకాలు లేచిందంటే ఇంక మహా అయితే రెండు నిమిషాలు. ఆయన లేస్తే ఆట లేచిపోయినట్టే, నా ఉద్యోగమూ దాంతోపాటే. పందెం నాది. మూడు పడింది. నా పడవకి సరిగ్గా మూడో గడిలో ఆయన పడవ ఉంది. ఇంకో పడవ నడపొచ్చు, ఆ ఇంట్లో బతకదలుచుకున్నవాడు ఎవడైనా అదే చేస్తాడు. నేను మాత్రం మా అమ్మా మామ్మగారూ పోట్లాడుకున్న రోజుని తలుచుకుని, "మునిగిందండి" అన్నాను.

"ఆషాఢం ముందు అల్లుడుగారి పడవ గోదాట్లో ముంచడమేంటి బాబూ" అని అత్తగారు చాలా నెమ్మదిగా అన్నారు. అరిచి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్ళి దిష్టి తియ్యడానికి ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చారు. అల్లుడుగారు ఏదో అనబోయి, మావగారి మొహం చూసి ఊరుకున్నారు. ఓనరుగారు గవ్వలన్నీ ఏరి నా చేతిలో పోసి, "ఆట బాగుందండి" అన్నారు. గేటుదాకా వచ్చి మరీ సాగనంపారు, అక్కడ "చూద్దాంలెండి" కూడా అన్నారు. ఆ ఏడు మా ప్రెస్సు నోటుపుస్తకాలతో వైకుంఠపాళి ఇచ్చింది.

బుధవారంనాడు సంచి సర్దుకుని, జంగారెడ్డిగూడెం బస్సు కోసం కాంప్లెక్సులో నిలబడ్డాను. ఎదురుగా సిమెంటు బల్ల మీద తుని బస్సు కోసం అల్లుడుగారు. స్తంభం చాటుకి తప్పుకున్నాను గానీ ఆయనే లేచి వచ్చారు. "ఆ పటం మీ దగ్గరుందాండి" అన్నారు. సంచిలోనే ఉంది. "అయిదు రోజులు ఉన్నానండి ఆ ఇంట్లో. పేకాడితే నేనే గెలిచాను, క్యారమ్స్ ఆడితే నేనే గెలిచాను. మామిడిపండు తింటే ఎంత బాగా తిన్నారో అన్నారు. మీరు ముంచినప్పుడే ఆట ఆడుతున్నట్టనిపించిందండి. తిరిగి మీ పడవ పట్టుకుందామనుకునేసరికి అత్తయ్యగారు ఉప్పు తెచ్చేశారు." "ఈ మాట మావయ్యగారితో ఒక్కసారి అని ఉంటే నా ఉద్యోగం ఉండేది కదండీ" అన్నాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయి, "ఎలా అంటామండీ" అన్నారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అనేవాణ్ణి కాదు.

ఆ బల్ల మీదే పటం పరిచాం. ఆయన నా పడవని మూడుసార్లు ముంచారు, నేను ఆయన్ని నాలుగుసార్లు. తుని బస్సు వచ్చింది, కండక్టరు గొంతు చించుకున్నాడు, ఆయన గవ్వలు విసురుతూనే ఉన్నారు. జంగారెడ్డిగూడెం బస్సు నా వెనకనుంచే వెళ్ళిపోయింది. నేను ఆయన మోకాళ్ళ వైపు చూస్తూనే ఉన్నాను, బాసింపట్టు విడలేదు.

ఆ తరవాత పదకొండేళ్ళు బ్యారన్‌లోనే గడిచాయి. పొగాకు వాసన అలవాటైపోయింది, ఇప్పుడు అది లేకపోతేనే అన్నం సయించదు. సూత్రముల పుస్తకం మాత్రం పెట్టెలో ఉంది. మొన్న తీసి చూస్తే చివరి పేజీలో 'తుని అల్లుడుగారు. రెండు బస్సులు పోయినవి. లేవలేదు' అని ఉంది. ఆ అక్షరాలు రాసిన కుర్రాడి పొగరు చూసి నవ్వొచ్చింది, వాడి మీద జాలీ వేసింది. తరవాతి బస్సు ఎక్కుతూ ఆ అల్లుడుగారు "బాగుందండి" అనలేదు. ఫుట్‌బోర్డు మీదినుంచి వెనక్కి తిరిగి, "ఇంకొక్క పందెం ఉంటే మీ రెండో పడవ కూడా దొరికేదండి" అన్నారు.