వీధి గుమ్మంలోంచి వచ్చే అమ్మ

ఆ టైపిస్టుది చెవులతో చేసే పని. డాక్టర్లు గబగబా చెప్పి పడేసిన రోగుల వివరాలు వింటూ, కాలికింది పెడలుతో ఆపుతూ, వెనక్కి తిప్పుకుంటూ, అక్షరం పొల్లుపోకుండా టైపు చేయాలి. ఇకనుంచి అందరూ ఇంట్లోనే చేసుకోండని ఆఫీసువాళ్ళు చెప్పినప్పుడు ఎగిరి గంతేసింది. ఆ సంబరం వారం కూడా నిలవలేదు. ఒక కన్ను పొయ్యిమీది పాలగిన్నె మీద, ఒళ్ళో బడి మూతపడి ఇంట్లోనే ఉంటున్న ఏడేళ్ళ కూతురు. అత్తగారు చూస్తే, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికించే రకం. ఈ గందరగోళంలో ఎవరిదో ఎడమ మోకాలు కాస్తా కుడి మోకాలైపోయింది.

"వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుంది" అని సూపర్‌వైజరు మొహం మీదే చెప్పేసింది. భర్త లారీ ఎక్కితే పది రోజులకు గాని ఇంటి మొహం చూడడు. ఉద్యోగం పోతుందేమోనని ఆమెకు అన్నం సహించలేదు.

అప్పుడు తట్టిందొక ఉపాయం. మర్నాడు తొమ్మిదింటికి తల దువ్వుకుని, మంచి చీర కట్టి, చెప్పులేసుకుని, బ్యాగు తగిలించుకుని "వెళ్ళొస్తా" అని వీధి గుమ్మం దిగింది. సందు చుట్టూ తిరిగి, పెరటి వైపునుంచి సామాన్ల గదిలోకి వచ్చి కూర్చుంది. అదే ఆఫీసు. గదికీ ఇంటికీ మధ్యనున్న తలుపుకు గడియ పెట్టేసింది. సాయంత్రం ఐదింటికి మళ్ళీ అలాగే చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి వచ్చింది.

"ఇంట్లోంచి ఇంట్లోకి పోవడానికి చెప్పులెందుకే తల్లీ!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

పిల్లకు మాత్రం టైపిస్టు గట్టిగా చెప్పింది. మధ్యలో తలుపు కొడితే అమ్మ పలకదు, ఆఫీసు మేడమ్ పలుకుతుంది. కూతురికది మంచి ఆటగా ఉండేది.

"మేడమ్, మా అమ్మ ఉందా?"

"లేదమ్మా. ఐదింటికొస్తుంది."

పని పరుగెత్తింది. సూపర్‌వైజరు మెచ్చుకుని ఫైళ్ళు పెంచింది. ఐదు ఆరైంది, ఆరు ఏడైంది. ఒకరోజు పిల్ల మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ తలుపు కొట్టింది. చెవుల్లో డాక్టరు, చేతికింద ఫైలు. "మీ అమ్మ ఇంకా రాలేదమ్మా" అంది మేడమ్ గొంతుతో. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. ఆ తర్వాత పిల్ల మళ్ళీ తలుపు కొట్టలేదు. దారిలో పడిందిలే అని టైపిస్టు ఊపిరి పీల్చుకుంది. అక్కడే పొరపాటు చేసింది.

ఒకనాడు ఏడింటికి ఇంట్లోకొచ్చేసరికి పిల్లకు రెండు జడలు బిగుతుగా, పాపిడి తిన్నగా వేసి ఉన్నాయి. అత్తగారి వేళ్ళు కొంకర్లు పోయి ఏడాదైంది, చెంచా పట్టుకోవడమే గగనం.

"ఎవరేశారే జడలు?"

"నువ్వేగా! ఐదింటికి రాగానే వేశావుగా" అంది పిల్ల విసుక్కుంటూ.

ఆమెకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

మర్నాడు ఐదు కొట్టకముందే ఫైలు మధ్యలో వదిలేసి లేచింది. బయట కుండపోత వాన. సందులో మోకాలిలోతు నీళ్ళు. చెప్పులు బల్లకిందే వదిలేసి, నెలల తరబడి తీయని గడియ లాగి, తిన్నగా ఇంట్లోకి అడుగుపెట్టింది.

పిల్ల దువ్వెనా రిబ్బన్లూ పట్టుకుని వీధి గుమ్మానికెదురుగా కూర్చుని ఉంది. వెనక్కి తిరిగి చూసి, ఒద్దికగా లేచి నిలబడింది.

"మా అమ్మ ఇంకా రాలేదండీ."

"నేనేనే, అమ్మని!"

"కాదండీ. మా అమ్మ వీధిలోంచి వస్తుంది."

"ఎవరే అది?" అని మంచంమీంచి అత్తగారు.

"ఆఫీసు మేడమ్, నానమ్మా."

టైపిస్టు నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. పిల్ల కళ్ళల్లో ఆట లేదు. పరాయివాళ్ళ ముందు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇంతలో వీధి గుమ్మం దగ్గర చెప్పులు రెండుసార్లు నేలకు కొట్టిన చప్పుడైంది. తడి చెప్పులు అలా కొట్టడం టైపిస్టుకు చిన్నప్పటినుంచీ అలవాటు.

"వచ్చేశానమ్మా!"

ఆ గొంతు ఆమెదే. పిల్ల మొహం వెలిగిపోయింది. పరుగెత్తబోయి, మళ్ళీ ఆగి బతిమాలింది. "మేడమ్, లోపలికెళ్ళిపోండి. మిమ్మల్ని చూస్తే మా అమ్మ మళ్ళీ ఆఫీసుకెళ్ళిపోతుంది."

ఆ మాటకు ఆమె కాళ్ళు వాటంతటవే వెనక్కి, గదిలోకి నడిచాయి. అవతలినుంచి గడియ పడింది. చుట్టూ తిరిగి, పద్ధతిగా వీధిలోంచే వస్తే సరి, తన పిల్ల తనను గుర్తుపట్టదా అనుకుంది. చెప్పుల కోసం బల్లకిందికి వంగి చూసింది. అవక్కడ లేవు. పెరటి తలుపు తోసి చూసింది. అది కదల్లేదు.

ఏడుపు తన్నుకొచ్చింది. మధ్య తలుపు దబదబా బాదింది. అవతల దువ్వెన చప్పుడు ఆగింది.

"ఎవరండీ?" అని తన గొంతే మర్యాదగా అడిగింది. "ఆఫీసునుంచా? ఇప్పుడు పిల్లకు జడ వేస్తున్నానండీ. రేపు తొమ్మిదింటికొస్తా."